రెండు వైర్లు, ఒక పచ్చ దీపం

నేను ఒక మీటర్ల పెట్టెను. కారు నడిపేవాడి కళ్ల ఎదుట, స్టీరింగు వెనక, గాజు మూత వేసుకుని కూర్చునే జాతి మాది. ఎంత వేగంగా పోతున్నాడో, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో, ఇంజను ఎంత కాగిందో చెప్పడం మా పని. ఏ కంపెనీ కారో పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది "ఆ రోజులే వేరండీ" అంటూ మొదలుపెడతారు. ఆ రోజులేవీ వేరు కావు. నేను చూశానుగా, మనుషులు అప్పుడూ ఇంతే.

నా ముఖం మీద శనగగింజంత పచ్చ దీపం ఒకటుంది. కారు ఎటైనా తిరగబోయేముందు డ్రైవరు ఇండికేటరు వేస్తే బయట ఆ వైపు దీపాలు వెలిగి ఆరుతుంటాయి కదా, లోపల ఇది కూడా వాటితో పాటు టిక్కు టిక్కుమంటూ వెలుగుతుంది. నువ్వు కుడికి తిరుగుతున్న సంగతి బయటివాళ్లకు అందిందిలే అని డ్రైవరుకు ధైర్యం చెప్పడమన్న మాట. నాలో మిగతావన్నీ కాస్త అటూ ఇటూ మనుషులే. పెట్రోలు ముల్లు పెద్ద బద్ధకస్తురాలు, వేగం ముల్లు గొప్పలకు పోతుంది. పచ్చ దీపం మాత్రం అబద్ధం ఎరగదు. ఎరగదు అనే అనుకున్నాను.

ఇప్పుడు కాస్త వైర్ల సంగతి చెప్పాలి. విసుక్కోకండి, ఒక మనిషి బతుకు బుగ్గయింది అక్కడే. నా దీపానికి రెండు కొసలు. ఒకటి ఎడమ దీపాల వైరుకు, రెండోది కుడి దీపాల వైరుకు. ఎడమకు ఇండికేటరు వేస్తే కరెంటు ఎడమ వైరులో వచ్చి, నాలోంచి దూరి, కుడి దీపాల మీదుగా కారు ఇనుములోకి దిగిపోతుంది. నేను వెలుగుతాను. కుడి దీపాలు మాత్రం వెలగవు, నన్ను వెలిగించాక వాటికి మిగిలేది అంత తక్కువ. కుడికి వేస్తే ఇదే వ్యవహారం తిరగబడుతుంది. ఒక్క దీపంతో రెండువైపుల పనీ గడుపుకున్న పిసినారి తెలివి అది, కానీ నికార్సయిన తెలివి. ఒకటే షరతు: ఆ రెండు వైర్లూ ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు.

నేను పుట్టింది మద్రాసు పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో. నా ముల్లు అతికించి, దీపం బిగించిన అమ్మాయి పొద్దుటి నుంచి అప్పటికి నాలాంటివి నూటపది చేసి ఉంది. నా ముఖం కూడా సరిగా చూడలేదు. కానీ పని మాత్రం ఎంత శుద్ధంగా చేసిందంటే, నలభై ఏళ్ల తర్వాత అందుకు ఆమెను తిట్టుకోవలసి వచ్చింది నాకు.

గుంటూరులో మొదట ఒక పొగాకు కంపెనీ మేనేజరు చేతిలో పడ్డాను. ఆయన ఇండికేటరు వేస్తే తీసే అలవాటు లేని మనిషి. చిలకలూరిపేట దాకా నేను వెలిగి ఆరుతూనే ఉండేదాన్ని, వెనక బండ్లవాళ్లు ఈయన ఇప్పుడు తిరుగుతాడు, ఇదిగో తిరుగుతాడు అనుకుంటూ బిక్కుబిక్కుమంటూ వచ్చేవాళ్లు. పదేళ్లకు ఆయన నన్ను వదిలించుకున్నాడు. డాక్టరు మాణిక్యాంబ గారు కొన్నారు. నా బతుకులో మంచి రోజులంటూ ఉంటే అవే. ఆమె దగ్గరికే ఏసుపాదం డ్రైవరుగా వచ్చాడు, అప్పటికి ఇంకా మీసం సరిగా రాలేదు. ఆమె వెనక సీట్లో ఏ కేసు కాగితాలో చూసుకుంటూ, మలుపు వచ్చినప్పుడల్లా తలెత్తకుండానే అడిగేది.

"ఏసూ, ఇండికేటరు వేశావా?"

"ఏశానమ్మా. పచ్చది కొట్టుకుంటంది."

ఇరవయ్యారేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు. నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకడు లేడు. అన్నేళ్లలో కారుకు ఒక గీత పడలేదు. వాడి లైసెన్సు ప్లాస్టిక్కు కవరులో, చొక్కా జేబులో, గుండెకు ఆనుకుని ఉండేది. చదువు లేదు, సెంటు పొలం లేదు. ఆ చేతులకు వచ్చిన విద్య డ్రైవింగు ఒక్కటే, దానికి సాక్ష్యం ఆ కార్డు ఒక్కటే.

కారు కరెంటు పని ఏదొచ్చినా ఆటోనగర్‌లో సిలార్ షెడ్డుకే. సన్నటి మనిషి, కళ్లద్దాలకు ఒక కాడ బదులు దారం. రెండేళ్లకోసారి నన్ను విప్పి, నోటితో దుమ్ము ఊది, రెండు వైర్లకూ రెండు రంగుల టేపులు కొత్తగా చుట్టి మళ్లీ బిగించేవాడు. అతని పని అయ్యేదాకా ఏసుపాదం పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. ఒకే గ్లాసు టీని ఇద్దరూ పంచుకునేవాళ్లు. అలాంటి స్నేహం నేను మరి చూడలేదు, అందుకే ఈ కథ చెప్పడానికి నాకు ఇంత కష్టంగా ఉంది.

డాక్టరమ్మ పోయింది. కారును మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని త్రివిక్రమరావు గారు కొన్నారు, కారుతో పాటు ఏసుపాదాన్ని కూడా. రావుగారికి పాత వస్తువులంటే ప్రాణం, కానీ అవి పాతగా కనపడకూడదు. నాలుగేళ్లకు విజయవాడలో పాత కార్ల ప్రదర్శన జరగబోతోందని తెలిసి కారుకు కొత్త రంగు వేయించారు, సీట్లకు కొత్త తోలు కుట్టించారు. చివరికి ఆయన కన్ను నా మీద పడింది. నా గాజు పసుపుబారిందట. బొంబాయి నుంచి కొత్త మీటర్లు తెప్పించారు. గుండ్రటి తెల్లటి ముఖాలు, చుట్టూ వెండి అంచు. పెళ్లివారి వెండి గిన్నెల్లా ఉన్నాయి.

ఆ శుక్రవారం పొద్దున్నే కారు సిలార్ షెడ్డుకు వచ్చింది. సిద్ధాంతి గారు పది గంటల ఇరవై నిమిషాలకు ముహూర్తం పెట్టారు. ఆ వేళకు కారు నిమ్మకాయలు తొక్కి షెడ్డు దాటాలి. దాటితే రాహుకాలం. పావు తక్కువ పదికి సిలార్ నన్ను పీకి బల్ల మీద పెట్టి, కొత్త మీటర్లను ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చి, ఇండికేటరు దగ్గర ఆగిపోయాడు.

"రావుగారూ, దీంట్లో చిక్కుందండీ. కొత్తదాంట్లో ఇండికేటరు బల్బుకి వైరు ఒకటే. రెండో కొస దాని ఇనుప ఒంటికే అతికిచ్చేశారు. మనకేమో ఎడమది, కుడిది, రెండొస్తన్నయ్."

"రెండూ కలిపి దానికే చుట్టెయ్."

"కలిపితే ఎడమా కుడీ ఒకటైపోతయ్యండీ. ఎటేసినా బయట నాలుగు దీపాలూ ఎలుగుతయ్. మధ్యలో డయోడ్లని రెండు చిన్న ముక్కలు పెట్టాలి, అవి కరెంటుని ఒకవైపే పోనిస్తయ్, ఎనక్కి రానియ్యవు. రేడియో షాపులో దొరుకుతయ్. అరగంటలో తెస్తా."

రావుగారు వాచీ చూసుకున్నారు. అరగంట. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. మనుషులకు ముహూర్తం దాటిపోతుందన్న భయం ఉంటుంది కానీ, ముహూర్తానికి బయల్దేరినవాడు ఎక్కడ తేలతాడన్న భయం ఉండదు.

"ఇప్పుడు ప్రతి కూడలిలో అందరూ నాలుగూ వేసుకునేగా పోతున్నారు. మనమూ పోదాం. రేపు పొద్దున తీరిగ్గా చేద్దువుగాని."

ఆయన అన్నదాంట్లో ఒక నిజముంది. నాలుగు దీపాలూ ఒకేసారి కొట్టుకుంటుంటే ఆ బండికి ఏదో ఇబ్బంది వచ్చింది, జాగ్రత్త అని అర్థం. మనవాళ్లు దానికి సొంత అర్థం కల్పించారు. కూడలిలో ఎడమకు ఎడమది, కుడికి కుడిది, తిన్నగా పోయేవాడికి నాలుగూ. ఎవరు నేర్పారో తెలియదు, లారీవాళ్ల దగ్గర్నుంచి కాలేజీ కుర్రాళ్ల దాకా అందరికీ వచ్చు. నాలుగూ వెలిగితే ఇక్కడ అందరికీ ఒకటే అర్థం: వీడు తిరగడు, తిన్నగా పోతాడు.

ఈ సంగతి సిలార్‌కు తెలియదా? తెలుసు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ షెడ్డున్న స్థలం రావుగారిది. సిలార్ రెండు వైర్ల కొసలూ గీకి, కలిపి మెలిపెట్టి, టేపు చుట్టేశాడు. నలభయ్యేళ్ల అనుభవమున్న వేళ్లు, చూడనట్టు చేసేశాయి. ఏసుపాదం అప్పుడు కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని టైర్ల కింద నిమ్మకాయలు సర్దుతున్నాడు. వాడికి చెబుదామని సిలార్ ఒక అడుగు వేశాడు.

"వాడికి చెప్పి భయపెట్టబాక," అన్నారు రావుగారు. "గుడికెళ్లి రావటమేగా."

సిలార్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ల టీ గ్లాసు ఆ ఒక్క అడుగు దగ్గర పగిలింది.

నిమ్మకాయలు చితికాయి, కారు వెళ్లిపోయింది. నన్ను పాత పేపరులో చుట్టి అరమీద పెట్టి, సిలార్ వెంటనే రేడియో షాపుకెళ్లి రెండు డయోడ్లూ కొని తెచ్చుకున్నాడు. కారు వెళ్లిపోయాక.

తర్వాత జరిగింది నేను చూడలేదు, షెడ్డుకొచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. సాయంత్రం నాలుగింటికి ఏసుపాదం ఒక్కడే పెట్రోలు కోసం తెనాలి రోడ్డు మీద వెళ్లాడు. బంకు కుడివైపుంది. కుడికి ఇండికేటరు వేశాడు. లోపల కొత్త మీటరు దీపం వెలిగింది. అద్దంలో చూసుకుని, నెమ్మది చేసి, కుడికి తిప్పాడు. వెనక పాలక్యాన్లతో మోటారు సైకిలు మీద వస్తున్న పేరయ్యకు కారు వెనక రెండువైపులా దీపాలు కొట్టుకుంటూ కనపడ్డాయి. తిన్నగా పోయే కారు ఎందుకో నెమ్మదించింది, కుడి పక్క నుంచి దాటేద్దాం అనుకున్నాడు. దాటబోయాడు. పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. పేరయ్య కుడికాలు మోకాలి కింద నుజ్జయింది, మర్నాడు తీసేశారు.

పెద్దమనిషి కారు ఎక్కడికి పోతుందిలే అని, దాన్ని సిలార్ షెడ్డులోనే ఉంచమన్నారు పోలీసులు. బ్రేకిన్‌స్పెక్టరు సోమవారం వచ్చి కారును పరీక్షిస్తాడన్నారు. శనివారం మధ్యాహ్నం రావుగారు ఒక్కరే వచ్చారు. సిలార్ జేబులోంచి డయోడ్లు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"తెచ్చానండీ. నిన్ననే తెచ్చాను." ఆ గొంతు వింటే నాకు జాలీ వేసింది, అసహ్యమూ వేసింది.

"అవేం అక్కర్లేదు. ఆ పాత పెట్టె ఉందిగా, అది పెట్టెయ్. కొత్త మీటర్లు అసలు రానే లేదు."

"రావుగారూ, ఏసుగాడి లైసెన్సు పోద్దండీ. వాడు కుడికే ఏశాడు. ఉన్నది చెప్పేద్దాం."

రావుగారికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

"చెప్పు. నేను ఆపుతానా? ఇన్‌స్పెక్టరు అడిగే మొదటి మాట ఏంటో తెలుసా? వైర్లు కలిపిన చెయ్యి ఎవరిదీ అని."

ఆయన వెళ్లిపోయాక సిలార్ చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత పేపరు విప్పి నన్ను తీశాడు. మెలిపెట్టిన వైర్లు విడదీసి, ఎప్పటిలాగే రెండు రంగుల టేపులు చుట్టి, నా రెండు కొసలకూ కలిపాడు. నన్ను అంత శ్రద్ధగా ఎన్నడూ బిగించలేదు. బిగించాక, కిటికీ గూట్లో దుమ్ము వేలితో తీసి నా గాజు అంచుల వెంబడి, స్క్రూల నెత్తిన, జాగ్రత్తగా పూశాడు. ముప్పై ఏళ్లు నా దుమ్ము ఊదిన మనిషి.

సోమవారం పది గంటలకు బ్రేకిన్‌స్పెక్టరు వచ్చాడు. పక్కన ఒక కానిస్టేబులు, కాగితాలు. రావుగారు కుర్చీలో కూర్చున్నారు. ఏసుపాదం గోడవార నిలబడ్డాడు, మూడు రోజుల గడ్డంతో. దూరం నుంచే సిలార్‌ను చూసి వాడి ముఖం కాస్త తేటపడింది. నిజం తెలిసిన మనిషి ఒకడు ఇక్కడున్నాడు కదా అని.

"పాలాయన నాలుగూ ఎలిగినయ్ అంటన్నాడంట భాయ్," అన్నాడు నెమ్మదిగా. "నేను కుడికే ఏశా. ఎట్టా ఎలుగుతయ్? నువ్వే చెప్పాల."

సిలార్ చేతిలో గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. సిలార్‌ను కారు వెనక నిలబడి చూసి చెప్పమన్నాడు. ఇండికేటరు మీట కుడికి నొక్కాడు.

నాకు నోరు లేదని ఏనాడూ బాధపడలేదు. ఆ క్షణం బాధపడ్డాను. వెలగకూడదనుకున్నాను. నాలో వెంట్రుకంత తీగె ఉంది, అది తెగిపోతే చాలు, ఒక్కసారికి తెగిపోతే చాలు, ఏదో మతలబు ఉందని అతను నన్ను విప్పి చూస్తాడు, కొత్త టేపు కనపడుతుంది. మద్రాసు అమ్మాయి చేసిన పని తెగలేదు. కరెంటు వచ్చింది, నేను వెలిగాను. టిక్కు టిక్కు టిక్కు. మంచి పనితనంతో పుట్టినందుకు సిగ్గుపడ్డాను.

"వెనక ఏం వెలుగుతున్నాయయ్యా?"

"కుడిదే సార్," అన్నాడు సిలార్.

"కుడి ఒక్కటేనా?"

"కుడి ఒక్కటే సార్."

నిజమే చెప్పాడు. నేనూ నిజమే చెప్పాను. అంత నిజం పోగుపడి అంత అబద్ధమవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఏమిటో చూద్దామని ఏసుపాదం కిటికీలోంచి తల పెట్టాడు. వాడి చూపు నా మీద పడింది. ముప్పై ఏళ్లు చూసిన ముఖం కదా, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

"సార్! ఇది కాదు సార్ ఆ రోజున్నది! తెల్లటి కొత్త మీటర్లు పెట్టారు సార్, గుండ్రంగా. ఈ పెట్టె ఆ పొద్దునే పీకేశారు!"

ఇన్‌స్పెక్టరు నా మీది దుమ్ము చూశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"ఏమయ్యా మెకానిక్కూ, మీటరు మార్చావా?"

షెడ్డు బయట ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. రావుగారు వాచీ చూసుకున్నారు. ఏసుపాదం సిలార్‌కేసి చూశాడు. బెదిరింపు లేదు, బతిమాలడం కూడా లేదు. చెప్తాడన్న ధీమా, అంతే.

"లేదండీ," అన్నాడు సిలార్. "మొదట్నించీ ఇదే."

"భాయ్," అన్నాడు ఏసుపాదం.

రిపోర్టులో ఏం రాశారంటే, ఇండికేటర్లు సక్రమంగా ఉన్నవి, డ్రైవరు సంకేతం ఇవ్వకుండా మలుపు తిరిగినాడు. ఈ కారుకు నాలుగు దీపాలూ ఒకేసారి వెలిగించే స్విచ్చే లేదు కాబట్టి పేరయ్య చెప్పింది అబద్ధమని తేలింది. కాలు పోయినవాడు అబద్ధాలకోరు, జాగ్రత్తగా నడిపినవాడు నేరస్తుడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపం చేసినవాళ్లకు పిడికెడు కూడా అంటలేదు. ఏసుపాదం చొక్కా జేబులోంచి ప్లాస్టిక్కు కవరు తీసుకున్నారు. ఖాళీ కవరు తిరిగి ఇచ్చారు.

కారు ప్రదర్శనకు వెళ్లింది, బహుమతి కూడా వచ్చింది. మీటర్లతో సహా అన్నీ పుట్టినప్పటివే ఉన్నందుకు, అని ఇత్తడి రేకు మీద చెక్కించి ఇచ్చారు. సిలార్ ఇప్పుడూ ఆటోనగర్‌లోనే ఉన్నాడు, అదే షెడ్డులో. ఇండికేటరు పని ఏదైనా వస్తే పక్క షాపుకు పొమ్మంటాడట. చూపు ఆనడం లేదని చెబుతాడట.

ఇక నేను. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు ముందర హాల్లో, నునుపు రాళ్ల మీద, తాళ్ల మధ్య కారుంది, కారులో నేనున్నాను. ఏసుపాదానికి రావుగారు అక్కడే ఉద్యోగం ఇచ్చారు, కారు తుడిచే పని. కేసులో ఇరుక్కున్నవాణ్ణి కూడా వదిలెయ్యలేదు చూడండి, ఎంత పెద్ద మనసో అని ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటుంది. రోజూ పొద్దున ఏసుపాదం మెత్తటి గుడ్డతో నా గాజు తుడుస్తాడు. తుడిచేటప్పుడు కళ్లు పక్కకు పెట్టుకుంటాడు.

చూడ్డానికి వచ్చినవాళ్లు అందరూ అడిగేది ఒకటే. ఇవన్నీ ఇంకా పనిచేస్తాయా అండీ? రావుగారు గర్వంగా నవ్వి కేకేస్తారు.

"ఏసూ, కుడికి ఇండికేటరు వెయ్యి."

ఏసుపాదం డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. ఇప్పుడు వాడు కూర్చోగలిగిన డ్రైవరు సీటు లోకంలో అదొక్కటే. మీట నొక్కుతాడు. కుడి దీపాలు మాత్రమే వెలుగుతాయి. నేనూ వెలుగుతాను.

"భలే! ఇంకా పనిచేస్తుందే!" అంటారు వచ్చినవాళ్లు.

"చేస్తదండీ," అంటాడు ఏసుపాదం. "బ్రేకిన్‌స్పెక్టరు గారు కూడా చూశారు."